పలుదిక్కుల పట్టికలు: వానిని చదువు విధము



ఈ కాలమున గ్రామములలోని పెద్దలమీద ఒక క్రొత్త పని పడినది. పసుపు ఇప్పుడే అమ్మవలెనా, కొన్నాళ్లు ఆగవలెనా. చెరకు వేయవలెనా, వరి వేయవలెనా. అన్నదమ్ములు పంచుకొను భూమి లెక్క సరిగా నున్నదా, లేదా అని మన సలహా అడుగ వచ్చువారు పూర్వమువలె కాగితము పట్టుకొని వచ్చుట లేదు. సెల్ ఫోను పట్టుకొని వచ్చుచున్నారు. అందులో ఒక పట్టికను తెరచి, ఒక అంకెమీద వ్రేలుంచి, "ఇదిగో, ఇట్లున్నది" అందురు. ఆ అంకెను నమ్మి మనము చెప్పు మాటమీద ఒక కుటుంబముయొక్క ఏడాది పంట ఆధారపడి యుండును. కావున అంతర్జాలపు పుటలలో కనబడు పట్టికలను, అందును రెండు దిక్కులకంటె ఎక్కువ దిక్కులు గల పట్టికలను ఎట్లు చదువవలెనో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

మొదట దిక్కు అనగా నేమో చూతము. పట్టికలో ఎడమప్రక్కన కొన్ని పేర్లు నిలువుగా నుండును. పైన కొన్ని పేర్లు అడ్డముగా నుండును. ఎడమ పేరును, పై పేరును కలసిన చోట ఒక గడి యుండును. ఇది రెండు దిక్కుల పట్టిక. దీనిని చదువుట అందరికిని తెలియును. కాని లోకములోని విషయములు రెండు దిక్కులతో తీరునవి కావు.

పట్వారీ వ్రాసిన పాత పహణీని జ్ఞాపకమునకు తెచ్చుకొనుడు. ఎడమప్రక్క సర్వే నంబరులు. పైన పట్టాదారు పేరు, విస్తీర్ణము, కాస్తు చేయువాని పేరు, పంట మొదలైన కాలములు. ఇవి రెండు దిక్కులు. మూడవ దిక్కు సంవత్సరము. అది పుటలోని గడులలో కనబడదు. పుస్తకముమీద వ్రాసి యుండును. 1954-55 నాటి ఖాస్రా పహణీలో ఒక సర్వే నంబరునకు ఎదురుగా నున్న పేరును, పది సంవత్సరముల తరువాతి పహణీలో నున్న పేరును వేరైనచో, రెండింటిలో ఒకటి అబద్ధమని తీర్పు చెప్పరాదు. నడుమ అమ్మకము జరిగియుండవచ్చును, పంపకము జరిగియుండవచ్చును. నాలుగవ దిక్కు గ్రామము. పన్నెండవ సర్వే నంబరు మా రుద్రూరులోనే కాదు, ప్రతి గ్రామములోను ఉండును. కావున "పన్నెండవ నంబరులో ఎవరి పేరున్నది?" అను ప్రశ్నకు జవాబు లేదు. ఏ గ్రామము, ఏ సంవత్సరము, ఏ కాలము అని కూడ అడిగినప్పుడే జవాబు కలదు.

పంచాంగమును అట్టిదే. తిథి వార నక్షత్ర యోగ కరణములు పైన నుండును, దినములు ఎడమప్రక్క నుండును. ఆ గణితము ఏ ఊరి సూర్యోదయమునకు చేయబడినదో ఆ సంగతి మాత్రము మొదటి పుటలలో ఎక్కడనో యుండును. సూర్యోదయము ఊరూరికి మారును గనుక అదియు ఒక దిక్కే. దానిని చూడక ఘడియలు లెక్కించువారు తప్పుదురు.

నేను చిన్ననాట గురువుగారి సన్నిధిని సంస్కృత ధాతురూపములు వల్లించితిని. ఆ విద్య ఈ విషయమున నాకు మిక్కిలి ఉపకరించినది. సంస్కృతములో ఒక్కొక్క ధాతువునకు పది లకారములు, అనగా కాలభేదములు మొదలైనవి, మూడు పురుషలు, మూడు వచనములు. ఈ మూడు దిక్కులను గుణించిన ఒక పదమున 90 రూపము లగును. గురువుగారు "భవతి" అనినంత మాత్రమున మేము అర్థము చెప్పి ఊరకుండుటకు వీలు లేదు. "భూ ధాతువు, పరస్మైపదము, లట్టు, ప్రథమ పురుష, ఏకవచనము" అని దాని విలాసమంతయు చెప్పవలసినదే. ఒక్క మాట వదలినను ఆయన తిరిగి చెప్పించెడివారు. నేడు సెల్ ఫోనులోని అంకెను చదువుటకును నాకు తెలిసిన ఉపాయ మిదియొక్కటే. అంకెను పలుకుటకు ముందు దాని విలాసమంతయు పలుకవలెను.

ఇక మన జిల్లాలోని పసుపు సంగతికి వత్తము. నిజామాబాదు మార్కెట్టు పసుపునకు పేరుపొందినది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ఈ నగరము ముఖ్యస్థానముగా ప్రారంభమైనది. పసుపు ధరలను తెలుపు పట్టికలు అంతర్జాలమున ఉన్నవి. కేంద్రప్రభుత్వమువారి అగ్‌మార్క్‌నెట్ 2000 సంవత్సరము మార్చిలో మొదలైనది. ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ మార్కెట్టు 2016 ఏప్రిల్ 14న ఆరంభమైనది. ఈ ధరల దిక్కులను లెక్కింతము. వస్తువు ఒకటి. మార్కెట్టు ఒకటి: నిజామాబాదా, మహారాష్ట్రములోని సాంగ్లీయా, తమిళనాడులోని ఈరోడా. రకము ఒకటి: కొమ్మా, గోళా. తేది ఒకటి. ధర విధము ఒకటి: కనిష్ఠమా, గరిష్ఠమా, మోడల్ ధరయా. మోడల్ ధర యనగా ఆ దినమున ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. పసుపు నొక్కదానినే తీసికొని, మూడు మార్కెట్లు, రెండు రకములు, మూడు విధముల ధరలు, 300 దినములు అని లెక్క వేసినను 5,400 గడు లగును. ఇంత పట్టిక ఏ గోడమీదను పట్టదు. అరచేతిలోని అద్దముమీద అసలే పట్టదు.

మరి ఆ పుట ఏమి చేయును? దూరముననున్న యంత్రములో ఈ సంగతులు పట్టికగా గీయబడి యుండనక్కరలేదు. ఒక్కొక్క సంగతి ఒక్కొక్క వాక్యమువలె దాచబడి యుండును. "నిజామాబాదు మార్కెట్టు, ఫలానా తేది, పసుపు, కొమ్ము, మోడల్ ధర, క్వింటాలుకు ఇన్ని రూపాయలు" అని ఒక వరుస. ఇట్టివి వేలకొలది వరుసలు. మీరు పుటను తెరచినప్పుడు, పైభాగమున కొన్ని ఎంపిక పెట్టెలు కనబడును. వస్తువు ఏది, రాష్ట్ర మేది, మార్కెట్టు ఏది, ఏ తేది మొదలు ఏ తేది వరకు అని అవి అడుగును. మీరు ఎంచిన దానికి తగిన వాక్యములను మాత్రమే యంత్రము ఏరి, ఒక దిక్కును ఎడమప్రక్కను, ఒక దిక్కును పైనను పెట్టి, చిన్న పట్టికగా గీసి చూపును. మిగిలిన దిక్కులు పోలేదు. అవి ఎంపిక పెట్టెలలో కదలక నిలిచి యున్నవి. ఒక పెద్ద బెల్లపు దిమ్మను కత్తితో కోసిన, కోసిన ముఖము మాత్రమే కనబడును గదా. ఈ పట్టికయు అట్టి కోత. కత్తి ఎక్కడ పెట్టితిమో దానినిబట్టి ముఖము మారును.

మన అంతర్జాలము ఈ సంగతిని మొదటినుండియు ఎరుగును. టిమ్ బెర్నర్స్-లీ అను పండితుడు జెనీవా నగరమువద్ద నున్న సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచు కల్పించిన వెబ్ 1991లో లోకమునకు తెరువబడినది. పుటలను వ్రాయు భాషకు హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. 1997 డిసెంబరులో వెలువడిన దాని నాలుగవ కూర్పులో పలుదిక్కుల పట్టికలకొరకు ఒక ఏర్పాటు చేసిరి. ప్రయాణపు ఖర్చుల పట్టికను ఉదాహరణముగా ఇచ్చి, భోజనము, బస, బండి కిరాయి అనునవి ఒక దిక్కు, ఊళ్లు ఒక దిక్కు, తేదులు ఒక దిక్కు అని ప్రతి గడికిని దిక్కుల పేర్లు తగిలించు విధము చూపిరి. దిక్కులకు పేరు పెట్టు ఆ ప్రత్యేక గుర్తు వాడుకలో నిలువక, 2014లో స్థిరపడిన ఐదవ కూర్పున విడువబడినది. కాని ప్రతి గడికిని దాని శీర్షికలేవో తెలుపు గుర్తులు నేటికిని ఉన్నవి. వాని ప్రయోజనము మీకు ఆసక్తి కలిగించును. చూపులేనివారికి పుటను బిగ్గరగా చదివి వినిపించు సాధనము లున్నవి. పుటను వ్రాసినవారు ఆ గుర్తులను సరిగా నుంచినయెడల, ఆ సాధనము వట్టి అంకెను చదువక, శీర్షికలను గూడ చదువును. గుర్తులు లేనియెడల "పదునొకండువేలు, పండ్రెండువేలు, తొమ్మిదివేలు" అని అంకెలను వరుసగా చెప్పుకొని పోవును. వినువానికి ఏమియు బోధపడదు. కన్నులున్న మనమును శీర్షికలు చూడక అంకెలు మాత్రమే చూచినచో మన స్థితియు అంతే.

సెల్ ఫోనులో ఈ ప్రమాదము ఎక్కువ. పట్టికను పైకి జరిపిన పై శీర్షికలు కనుమరుగగును. ప్రక్కకు జరిపిన ఎడమ పేర్లు కనుమరుగగును. మధ్య గడులు మాత్రము మిగులును. అప్పుడు గరిష్ఠ ధరను మోడల్ ధర అనుకొనుట, పై వరుసలోని ఊరి ధరను మన ఊరి ధర అనుకొనుట సులభము. ఫోనును అడ్డముగా త్రిప్పి పట్టుకొన్న కొంత మేలు. ఎవరైన పట్టికకు ఫోటో తీసి పంపినదానిని మాత్రము అసలు నమ్మవలదు. అందు ఎంపిక పెట్టెలు తరచుగా కోసివేయబడి యుండును. అనగా తేది, మార్కెట్టు, రకము తెలియవు. పేరు కోసివేసిన దస్తావేజును మనము ఎట్లు చూతుమో, దానిని అట్లే చూడవలెను.

దిక్కులను కలపివేసిన ఎట్టి చిక్కు వచ్చునో మన చెరకులోనే చూపెదను. కేంద్రప్రభుత్వము ఏటేట చెరకునకు ధర నిర్ణయించును. అక్టోబరు మొదలు సెప్టెంబరు వరకు ఒక కాలము. ఆ ధరకు రెండు దిక్కులు: కాలము ఒకటి, చెరకునుండి కర్మాగారము తీయు చక్కెర శాతము, అనగా రికవరీ, ఒకటి. 2024-25 కాలమునకు 10.25 శాతము రికవరీకి క్వింటాలు ధర 340 రూపాయలు, 9.5 శాతమునకు తక్కువైనచో 315 రూపాయల 10 పైసలు. 2025-26 కాలమునకు 10.25 శాతమునకు 355 రూపాయలు, 9.5 శాతమునకు తక్కువైనచో 329 రూపాయల 5 పైసలు. ఇవి నాలుగు గడులు. ఒకడు మొదటి కాలములోని 340ని, రెండవ కాలములోని 329ని చూచి, "చెరకు ధర పదునొకండు రూపాయలు తగ్గినది" అని రచ్చబండవద్ద చెప్పిన, అతడు చెప్పిన రెండంకెలును నిజమే. మాట మాత్రము అబద్ధము. ఒకే వరుసలో చూచిన, ఎక్కువ రికవరీకి 15 రూపాయలు, తక్కువ రికవరీకి 13 రూపాయల 95 పైసలు పెరిగినది. పోల్చునప్పుడు ఒక దిక్కునే కదలింపవలెను; మిగిలిన దిక్కులను కదలనీయరాదు. ఇది ముఖ్య సూత్రము.

ఇంకను సూక్ష్మమైన చిక్కు ఒకటి కలదు. ఎంపిక పెట్టెలో కొన్ని చోట్ల "అన్నియు" అను మాట యుండును. రకము దగ్గర "అన్నియు" అని ఎంచినచో, యంత్రము కొమ్మును గోళను కలిపి ఒక్క అంకెగా చేయును. ఈ కలుపుట కొన్నింటికి తగును, కొన్నింటికి తగదు. మార్కెట్టుకు వచ్చిన సరుకును కూడవచ్చును, ధరలను కూడరాదు. ధరలకు సగటు తీయవలెను. ఆ సగటును సరుకు బరువునుబట్టి తీయవలెను. అట్లు తీసినను అది మోసగింపవచ్చును. ఊహకొరకు ఒక లెక్క చెప్పెదను. ఇవి నిజమైన ధరలు కావు. పోయిన ఏడు 80 క్వింటాళ్ల కొమ్ము 12,000 చొప్పునను, 20 క్వింటాళ్ల గోళ 10,000 చొప్పునను అమ్ముడైన దనుకొందము. మొత్తము మీద సగటు 11,600. ఈ ఏడు కొమ్ము 12,500, గోళ 10,500. రెండును ఐదేసి వందలు పెరిగినవి. కాని ఈ ఏడు వచ్చినది కొమ్ము 30 క్వింటాళ్లు, గోళ 70 క్వింటాళ్లు. సగటు తీసి చూడుడు: 11,100. రెండు రకములును పెరుగగా మొత్తము సగటు ఐదువందలు తగ్గినది! ఇందులో యంత్రపు తప్పు లేదు. మారినది ధర కాదు, సరుకుల పాలు. "ధర పడిపోయినది, వెంటనే అమ్ముకొనుడు" అని ఎవడైన తొందరచేసిన, "ఏ రకము ధర?" అని ఒక్క ప్రశ్న వేసిన చాలును.

అన్నము ఉడికినదా లేదా అని తెలియుటకు ఒక మెతుకు పట్టిచూచిన చాలునని స్థాలీపులాక న్యాయము కలదు. కుండలోని మెతుకులన్నియు ఒకే నీట, ఒకే మంటమీద ఉడికినవి గనుక ఆ న్యాయము చెల్లును. పట్టికలోని గడులు అట్టివి కావు. ఒక గడి సాంగ్లీలో ఉడికినది, ఒకటి నిజామాబాదులో ఉడికినది. ఇచ్చట ఆ న్యాయము చెల్లదు.

కొన్ని వేళల దిక్కు పేరు అదియే యుండి, దాని అర్థము మారును. 2016 అక్టోబరు 11న మన జిల్లానుండి కామారెడ్డి వేరు జిల్లా యైనది. 2011 జనాభా లెక్కలలో నిజామాబాదు జిల్లా జనము సుమారు 25 లక్షల 51 వేలు. అదే 2011 లెక్కను క్రొత్త హద్దులకు సరిచేసి వ్రాసిన పట్టికలలో సుమారు 15 లక్షల 71 వేలు. జనము ఎచ్చటికిని పోలేదు, హద్దు జరిగినది. మా రుద్రూరును ఆ ఏటి వరకు వర్ని మండలములో నుండెను. తరువాత తానే మండల మైనది. కావున పాత పట్టికలలో రుద్రూరు మండలమును వెదకినవారికి అది దొరకదు. అంతమాత్రమున ఊరు లేదని కాదు. వర్ని క్రింద చూడవలెను. సంవత్సరములోను ఇట్టి భేదమే కలదు. రెవిన్యూ కాగితములలో ఫసలీ సంవత్సర ముండును. ఫసలీకి 590 కలిపిన మన వాడుక సంవత్సరము వచ్చును. 1434 ఫసలీ యనగా 2024-25. ఇది తెలియనివాడు పట్టికలో సుమారు ఆరువందల ఏండ్ల నాటి పంట ఉన్నదని నవ్వును.

భూమి సంగతి వచ్చినది గనుక గుంటల విషయము చెప్పక తీరదు. మన తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. కాగితములలో 2.20 అని యున్నచో అది రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. కాని చుక్కను చూచి చదువుకొన్న పిల్లలు దానిని దశాంశ మనుకొందురు. ఒకప్పుడు ఇద్దరు అన్నదమ్ములు నా యొద్దకు వచ్చిరి. ఒక నంబరులో 2.20, ఇంకొక నంబరులో 1.25 ఉన్నది. చిన్నవాడు యంత్రములో కూడి 3.45 అని తేల్చి, మొత్తము మూడున్నర ఎకరములకు లోపే అని పంపకము వ్రాసికొని వచ్చెను. ఇరువది గుంటలును ఇరువదియైదు గుంటలును కలసి నలువదియైదు. అనగా ఒక ఎకరము ఐదు గుంటలు. మొత్తము నాలుగెకరముల ఐదు గుంటలు. దశాంశముగా చదివిన 3.45 మూడెకరముల పదునెనిమిది గుంటలే యగును. తేడా 27 గుంటలు. ఒక చుక్క అర్థము తెలియనందున అర ఎకరమునకు మించిన భూమి లెక్కలో మాయమైనది. అన్న తన పాలు ఎవరో తినిరని తమ్ముని అనుమానించుచుండెను. పలకమీద కూడి చూపగా వారి మనసులు కుదుటపడినవి. కావున విలాసములో కొలత మానము కూడ చేరవలెను: గుంటలా, సెంట్లా, క్వింటాళ్లా, టన్నులా. ధర పట్టికలలో ధర క్వింటాలుకును, వచ్చిన సరుకు టన్నులలోను ఉండుట కలదు. టన్నుకు పది క్వింటాళ్లని మరువరాదు.

భూమి వివరములు చూచు పుటలకు పేర్లును మారినవి. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణికి బదులు 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినది. పేరేదైనను అది అడుగు ప్రశ్నల వరుస మన విలాసమువంటిదే: జిల్లా, మండలము, గ్రామము, సర్వే నంబరు. ఒక్కొక్క జవాబుతో తరువాతి పెట్టె ఇరుకగుచు వచ్చి, తుదకు ఒక్క గడి దగ్గర ఆగును. మొదటి పెట్టెలో తప్పినయెడల క్రింద ఎంత జాగ్రత్తగా నున్నను వేరొకరి భూమిని చూతుము.

ఖాళీ గడి గురించి ఒక మాట. గడిలో సున్న యుండుట వేరు, ఏమియు లేకుండుట వేరు. సున్న యనగా చూచితిమి, లేదు అని. ఖాళీ యనగా చూడలేదు, లేక తెలియదు, లేక ఆ దినము మార్కెట్టుకు సెలవు అని. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడి, మన ప్రాంతపు చెరకును దశాబ్దములు ఆడి, 2015 డిసెంబరులో మూతపడినది. అటుపిమ్మటి సంవత్సరమున ఆ గడి ఖాళీగా నున్నదని చెరకు పండలేదనుకొనరాదు. చెరకు చేలో ఉన్నను, ఆడు యంత్రము ఆగిన యెడలను గడి ఖాళీయే యగును. చెరకు ధర ఎంత యున్నను, ఆ ధరకు కొనువాడు ఎంత దూరమున ఉన్నాడో ఆ పట్టిక చెప్పదు. బండి కిరాయి అందులో లేని దిక్కు. లేని దిక్కును అడిగి తెలిసికొనుట పెద్దల పని.

కావున మీ యొద్దకు ఎవరైన అంకెతో వచ్చినప్పుడు ఇట్లు చేయుడు. ఆ పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అంకెను చెప్పుటకు ముందు ఎంపిక పెట్టెలన్నియు చదువుమనుడు. తరువాత ఎడమ పేరు, పై పేరు, కొలత మానము, తేది చదివించుడు. వానినన్నింటిని చేర్చి ఒక కాగితముమీద పూర్తి వాక్యముగా వ్రాయించుడు. ఇంకొక అంకెతో పోల్చవలసి వచ్చినచో దానికిని అట్లే ఒక వాక్యము వ్రాయించి, రెండు వాక్యములను ఒకదాని క్రింద ఒకటి పెట్టుడు. ఒక్క మాట మాత్రమే వేరైనచో ఆ పోలిక నిలుచును. రెండు మాటలు వేరైనచో పోలిక నిలువదు, మరల వెదకుమనుడు. వాక్యము పూర్తికానిచో, అనగా తేదియో రకమో తెలియనిచో, ఆ అంకెమీద ఏ మాటయు ఇవ్వకుడు.

దీనికి ఇంగ్లీషు రానక్కరలేదు. యంత్రము మీట నొక్కుట రానక్కరలేదు. ఎన్ని దిక్కులో లెక్కించుట వచ్చిన చాలును. అది పహణీ చదివినవారికిని, పంచాంగము చూచినవారికిని ఎప్పటినుండియో వచ్చిన విద్యయే. చిన్నవారికి వ్రేళ్ల నేర్పు కలదు. మీకు ప్రశ్నించు నేర్పు కలదు. రెండును ఒక అరుగుమీద కలిసినప్పుడు పట్టిక తన నిజమును చెప్పును.